కత్తిరించిన చోటు

తప్పు నాలుగో రోజునే దొరికింది. ఆయన ఎవరికీ చెప్పలేదు.

నోటుబుక్కులో తేదీ వేసి, లైను నంబరు రాసుకుని, పుస్తకం మూసేసి, మళ్ళీ ప్రోగ్రాం మొదటి పేజీకి వెళ్ళాడు.

ఆ ల్యాబులో సిలికాన్ పలకల మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన లోహపు పొర పూస్తారు. కంప్యూటరు లెక్కలో ఆ పొర ఉడుంపట్టు పడుతోంది. చేతికొచ్చిన పలక మీద మాత్రం గోరు తగిలితే ఊడి వస్తోంది. ఏ అణువు పక్క అణువును ఎంత బలంగా పట్టుకుంటుందో లెక్కగట్టే ప్రోగ్రాం ముప్పై నాలుగేళ్ళ కిందటిది. ఎప్పుడో మూతపడిన పరిశోధన సంస్థ నుంచి చేతులు మారుతూ వచ్చింది. రాసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. ఆ పాత కంప్యూటర్ భాష ఇప్పటివాళ్ళకు రాదు. తెలిసినవాళ్ళు కావాలని, నమూనాగా నాలుగు లైన్లు అచ్చువేసి ప్రకటన ఇస్తే వచ్చింది ఈ రిటైరైన కాలేజీ మాస్టారు ఒక్కడే.

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కిటికీ పక్కన కూర్చునేవాడు. తెర మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చదివేవాడు. చదివిందే మళ్ళీ చదివేవాడు. రెండు వారాలకు ల్యాబులో ఆయన పేరు ‘తాబేలు మాస్టారు’ అయిపోయింది. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. నవ్వి ఊరుకున్నాడు.

ప్రోగ్రాం రాసిన మనిషికీ వాళ్ళు ఓ పేరు పెట్టారు, ‘మహానుభావుడు’ అని. లెక్కల మధ్యలో సొంత గోడు కూడా రాసి పెట్టినందుకు.

“ఇది చూశారా మాస్టారూ? ‘ఈ లైను ముట్టుకోకండి, పీకల మీదికొస్తుంది’ అట!” అంది పక్క బల్ల అమ్మాయి.

“చూశానమ్మా.”

“ఇంకోచోట ‘అణువులు అలిగాయి, రేపు బతిమాలుకోవాలి’ అట. బొత్తిగా పనిలేని మనిషి!”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “పని తెమలనప్పుడే అలా రాసుకుంటారమ్మా” అన్నాడు.

ఆరింటికి ల్యాబు మూసేవాళ్ళు. ఆయనది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పొద్దున వెళ్ళేటప్పుడు రేడియో ఆపేవాడు కాదు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి లోపల ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. వంట ఎంత తగ్గించి వండినా మిగిలిపోయేది. ఆదివారాలైతే గడిచేవే కావు. బట్టలు ఇస్త్రీ చేసుకునేవాడు. చేసినవే మళ్ళీ చేసేవాడు.

ఇరవై రెండో రోజున ల్యాబు పెద్ద వచ్చి ఎదురుగా నిలబడింది. నలభై దాటని మనిషి. నెలాఖరుకల్లా పొర నిలవకపోతే ఈ పనే కట్టిపెట్టమని పైవాళ్ళు చెప్పిన దగ్గర్నుంచి ఆమెకు నిద్ర లేదు. చేతిలో ఆయన నోటుబుక్కు ఉంది.

“మా కాగితాల్లో కలిసిపోయి వచ్చింది మాస్టారూ. ‘తప్పు ఇక్కడే’ అని ఉంది, మీ చేతిరాతే. తేదీ చూస్తే మీరొచ్చిన నాలుగో రోజు. ఇన్నాళ్ళూ తెలిసి కూడా నోరు మెదపలేదా?”

ఆయన లేచి నిలబడ్డాడు. “తప్పేనమ్మా.”

“ఎందుకండీ?”

“చెప్పేస్తే రేపట్నుంచి రావక్కర్లేదంటారు కదా.”

ఆమె కోపం సగంలో ఆగిపోయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. “సరే, చూపించండి.”

చూపించాడు. దూరం పెరిగేకొద్దీ అణువుల మధ్య పట్టు మెల్లగా సన్నగిల్లాలి. ఇక్కడ ఒకచోట టక్కున తెగిపోతోంది. తెగే ముందు లేని బలం ఒకటి పుట్టుకొస్తోంది. అందుకే లెక్కలో పొర ఊడడం లేదు.

ఆ లైను కింద ఉన్న మాటలు ఆమే పైకి చదివింది.

“‘మెల్లగా తగ్గించుకుంటూ రావాలంటే ఇంకో రెండు గంటలు పడుతుంది. బయట వాన. గేటు దగ్గర పిచ్చివాడొకడు గొడుగు లేకుండా తడుస్తున్నాడు. ఇవాళ్టికి ఇక్కడ కత్తిరిస్తున్నా. రేపు సరిచేయాలి.’” ఆమె నెత్తి కొట్టుకుంది. “ఆ రేపు రానే లేదన్నమాట! ఆ గేటు దగ్గరివాడెవడో గానీ, మా కొంప ముంచాడు.”

“ముంచాడమ్మా” అన్నాడాయన.

మధ్యాహ్నానికి సరిచేశారు. కొత్త లెక్కలో పొర ఊడింది, సరిగ్గా చేతిలోని పలక మీద ఊడుతున్న చోటే. ఊడేది ఎక్కడో తెలిశాక నిలబెట్టడం ఎలాగో చూసుకోవచ్చు. ల్యాబంతా ఈలలు, చప్పట్లు. పక్క బల్ల అమ్మాయి తాబేలు మాస్టారికి కాఫీ తెచ్చిచ్చింది.

సాయంత్రం ఆయన సంచి సర్దుకుని ల్యాబు పెద్ద గది ముందు ఆగాడు.

“పాతది ఉంచుతారా?”

“మొత్తం కొత్తగా రాయిస్తున్నాం కదా, ఇంక అదెందుకు మాస్టారూ?”

“నాకో కాపీ ఇప్పిస్తారా? కాగితాల మీద.”

“ఏం చేసుకుంటారు?”

“ఇంకా నలభై పేజీలు చదవాలమ్మా.”

ఆమెకు నవ్వొచ్చింది. అయినా ప్రింటు తీయించి ఇచ్చింది. వెచ్చగా ఉన్న కాగితాల కట్టను ఆయన రెండు చేతులా అందుకున్నాడు.

ముప్పై నాలుగేళ్ళ కిందట ఆ గేటు దగ్గర తడిసింది తనేననీ, పని అక్కడికక్కడే కత్తిరించి తన కోసం గొడుగుతో పరుగెత్తుకొచ్చిన ఆ ‘మహానుభావుడు’ పోయిన వేసవిలో కన్నుమూసిన తన భార్య అనీ ఆయన ల్యాబు పెద్దతో అనలేదు.