ఉడుతగారి ఉత్తర్వులు

తెర మళ్ళీ నల్లగా అయిపోయింది.

సూపరింటెండెంటుగారు తల పట్టుకున్నారు. ఆఫీసువాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న పాత కంప్యూటర్లు రెండు. ఒకటి పక్క గదిలో, ఒకటి హాల్లో. వాటికి హెడ్డాఫీసు, బ్రాంచాఫీసు అని పేర్లు కూడా పెట్టేశారు. బ్రాంచాఫీసు బుద్ధిగా లేచి కూర్చుంది. హెడ్డాఫీసులో మాత్రం విండోస్ బదులు వేసిన లినక్స్ ఎక్కింది, ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ రావడంలేదు.

"అయిందా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"అవుతోంది."

"సాయంత్రం మా తమ్ముడు వ్యాను తెస్తున్నాడు. గుర్తుందిగా?"

గుర్తులేకేం. అది పందెం. బావమరిది వచ్చేసరికి రెండు తెరలూ వెలగాలి. ఒకదాంట్లో ఉన్న ఫొటో రెండోదాంట్లో కనబడాలి. అలా అయితే గది ఆయనది. లేదా, రెండు డబ్బాలూ అదే వ్యానులో పాత సామాన్ల కొట్టుకి, గదిలోకి ఆవిడగారి కుట్టుమిషను.

పందెం కట్టింది ఆవిడే. రిటైరయ్యాక ఏడాదిపాటు గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, ఈ డబ్బాలు రాగానే ఈల వెయ్యడం మొదలుపెట్టారు. ఆ ఈలకి తన చెవులు చిల్లులు పడుతున్నాయని ఆవిడ ఫిర్యాదు.

ముప్పయ్యేళ్ళ ఉద్యోగం సూపరింటెండెంటుగారికి నేర్పినవి రెండే. గడువు లేనిదే ఫైలు కదలదు. పైనుంచి ఉత్తర్వు రానిదే దాన్ని కదపకూడదు. కిందివాళ్ళ సలహాలు ఆయన చెవికెక్కవు. ఇంట్లో ఆ కిందివాళ్ళెవరో వేరే చెప్పక్కర్లేదు.

అదృష్టం కొద్దీ ఇక్కడా ఒక పైఅధికారి దొరికారు. ఫోనులో లినక్స్ వాళ్ళ చర్చావేదిక ఒకటుంది. అందులో ఆయన ఏ ప్రశ్న వేసినా వెంటనే జవాబిచ్చేది 'ఉడుత'. పేరు చూసి మొదట మూతి విరిచారు. పేరు కింద 'సీనియర్ మెంబర్' అన్న హోదా కనబడగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

ఇప్పుడూ ఆయనకే అర్జీ పెట్టుకున్నారు. "గౌరవనీయులైన ఉడుతగారికి, తెర నల్లగా ఉన్నదని మనవి. తగు ఆదేశాలు ఇప్పించగలరు."

టంగుమని జవాబు వచ్చింది. "పాత గ్రాఫిక్స్ కార్డుకీ కొత్త డ్రైవరుకీ పడటంలేదు. మెషీను లేచేటప్పుడు మెనూ వస్తుంది. అందులో లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరస చివర 'నోమోడ్‌సెట్' అని చేర్చండి. కార్డు జోలికి పోకుండా లేస్తుంది. దానికి తగ్గ డ్రైవరు తర్వాత చూద్దాం. ముందు కళ్ళజోడు తుడుచుకోండి, ఒక్క అక్షరం తప్పినా పని జరగదు."

కళ్ళజోడు నిజంగానే మసకగా ఉంది. పైవాళ్ళ ముందుచూపే వేరు అనుకుంటూ తుడుచుకుని, ఆ మాట చేర్చారు. తెర మీద నీలం పరుచుకుంది. ఆయన గది అదిరేలా ఈల వేశారు.

ఇక మిగిలింది రెండు ఆఫీసులనీ కలపడం. హాల్లో రౌటరు ఉంది. ఇంట్లో ఫోన్లు రెండూ దానిమీదే నడుస్తాయి. అక్కడినుంచి గదిలోకి వైరు లాగారు.

"దారికడ్డంగా ఏమిటిది, కాళ్ళకి చుట్టుకుంటోంది" అంది ఆవిడ, ఫోను పట్టుకుని హాల్లోకి వస్తూ.

"నువ్వెళ్ళి కుట్టుపని వీడియోలు చూసుకో."

లాగడం అయింది కానీ బ్రాంచాఫీసుకి హెడ్డాఫీసు జాడ తెలియడంలేదు. మళ్ళీ అర్జీ. ఈసారి జవాబు రాలేదు. ఆయన గదిలోంచి హాల్లోకీ హాల్లోంచి గదిలోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి వంటింటి గుమ్మంలో తేలారు. ఆవిడ మోచేతులదాకా సబ్బునురగతో గిన్నెలు తోముతోంది.

"ఉడుతగారు పలకడంలేదే."

"పాపం, ఇంట్లో ఏం పనులున్నాయో."

"అంతటి సీనియర్ మెంబరుకి ఇంటిపనులేమిటి? నువ్వు మరీనూ."

ఆయన గదిలోకి తిరిగొచ్చి కూర్చున్న కాసేపటికి టంగుమంది. "వైరు తలుపు సందులో నలుగుతోందేమో చూడండి."

పరుగున వెళ్ళి చూస్తే నిజమే. తలుపు కింద వైరు అప్పడంలా అణిగిపోయి ఉంది. ఇంకో వైరు తెచ్చి, తలుపుకి దూరంగా గోడవారనే లాగారు. రెండు ఆఫీసులూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి.

"చూశావా? అక్కడెక్కడో కూర్చుని మన తలుపు సందు చూశారు."

"మహానుభావుడు" అంది ఆవిడ.

బావమరిది వచ్చేసరికి సూపరింటెండెంటుగారు కొత్త చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నారు. హెడ్డాఫీసులో ఉన్న పెళ్ళిఫొటో బ్రాంచాఫీసులో ప్రత్యక్షమైంది. బావమరిది రెండు తెరలూ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పాడు.

"ఓడిపోయావక్కా."

"ఏం చేస్తాం. మిషను వంటింట్లో పెట్టుకుంటా" అంది ఆవిడ. మొహంలో బాధ మచ్చుకైనా లేదు.

సూపరింటెండెంటుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "గెలిచింది నేను కాదు. ఆ ఉడుతగారు ఎదురుపడితే కాళ్ళమీద పడిపోతాను."

"అంతంత మాటలనకండి. నిజంగా ఎదురుపడితే నడుం వంచాలి, మీకసలే నడుంనొప్పి."

"నాది ఒకటే మాట" అని బావమరిదిని కుర్చీలో కూర్చోబెట్టారు. "ఇంకో తమాషా చూడు. ఇది నొక్కితే మన రౌటరు మీద ఉన్నవన్నీ పేర్లతో సహా వస్తాయి."

నొక్కారు. బావమరిది తెర మీదికి వంగి ఒక్కొక్కటే చదివాడు.

"హెడ్డాఫీసు, బ్రాంచాఫీసు, సూపరింటెండెంట్ ఫోను... ఈ నాలుగోది అక్క ఫోనే కదా, దానికి ఉడుత అని పేరెవరు పెట్టారు బావా?"