చప్పుడు లేని విల్లు

“మీ దగ్గర అన్నిటికంటే తక్కువ చప్పుడు చేసే క్రాస్‌బో ఏది?”

ఓరిన్ తలెత్తకుండానే నవ్వుకున్నాడు. జింకల సీజన్ వస్తే ఇలాంటివాళ్ళు తయారవుతారు.

వెల్మా దుకాణంలో విల్లులమ్మే ఓరిన్ దృష్టిలో, నారిని తన చేత్తో లాగి పట్టుకున్నవాడే వేటగాడు. క్రాస్‌బో అంటే ఏముంది? తుపాకీ బద్దకి అడ్డంగా బిగించిన విల్లు. మీట నొక్కితే బాణం పోతుంది. బద్ధకస్తుల బొమ్మ.

ఎదురుగా బక్కపలచటి మనిషి. అరవై దాటి ఉంటాయి.

ఓరిన్ ముందు అతని భుజాలు చూశాడు. ఏడాదిగా లోపలికొచ్చిన ప్రతి మగాడి భుజాలూ చూస్తున్నాడు.

ఇవి చిన్నవి. చూపు తిప్పుకున్నాడు.

కిందటి నవంబరులో అడవిలో చెట్టుమీది మంచె జారింది. ఒంటికి కట్టుకున్న పట్టీలకి ఓరిన్ వేలాడిపోయాడు. అలాంటప్పుడు కాళ్ళు మోపుకోడానికి ఉండాల్సిన తాడు ఇంట్లో మర్చిపోయాడు. పట్టీలు తొడల్లో దిగబడ్డాయి. కళ్ళు చీకట్లు కమ్మాయి.

అప్పుడు కాళ్ళ కిందికి ఏదో వచ్చి ఆగింది. గట్టిగా, వెచ్చగా.

ఒక మనిషి భుజం.

“నిద్రపోకు. ఏదైనా చెప్పు, చెబుతూనే ఉండు,” అంది కిందనుంచి ఓ గొంతు. చెవుల్లో హోరు. ఓరిన్ నోటికొచ్చింది చెబుతూనే ఉన్నాడు.

ఫైరింజను వాళ్ళు నిచ్చెనలతో ఆ కొండెక్కి వచ్చేదాకా ఆ భుజం కదల్లేదు. వాళ్ళు ఓరిన్‌ని దించే హడావిడిలో ఆ మనిషి వెళ్ళిపోయాడు. వాళ్ళకి కనిపించింది వంగిన వీపొక్కటే.

“అంతసేపు పట్టీలమీదే ఉంటే పోయేవాడివి,” అన్నాడు డాక్టరు.

ఆ పొద్దున ఓరిన్ కొట్టిన జింకని స్నేహితులు తెచ్చారు. సాయం పట్టినవాడికి వెన్ను పక్కనుండే మెత్తటి మాంసం ముందు పెట్టడం ఆ ఊళ్ళ మర్యాద. అది ఇంకా ఓరిన్ ఫ్రీజర్లోనే ఉంది. తీసి వండుకోలేడు. పారెయ్యలేడు. ఆ మనిషిని చూడకుండానే చచ్చిపోతానేమోనని అతని దిగులు.

తలుచుకున్నకొద్దీ ఆ మనిషి పెరుగుతూ వచ్చాడు. ఇప్పుడతను ఓ కొండ.

చేరే చోటు లేని కృతజ్ఞత లోపలే పులుస్తుంది. ఓరిన్ మాట పుల్లబడింది.

“ఇదిగో పెద్దాయనా, దీని వేగం చూడు. పిడుగులా మోగుతుంది. పక్క ఊరి జింకలు కూడా ఉలిక్కిపడతాయి.”

“వేగం వద్దు బాబూ. జింక బాగా దగ్గరికొచ్చాకే కొడతాను. దాని చావు చప్పుడు దానికి ముందే వినబడకూడదు, అంతే.”

ఓరిన్ ఇంకోటి తీసిచ్చాడు. మనిషి దాన్ని ఎడమ భుజానికి ఆనించాడు.

“పుర్రచెయ్యా?”

“కాదు. కుడి భుజం రిటైరైపోయింది.”

“పేకాడీ పేకాడీనా?”

మనిషి నవ్వాడు. “నారి ఎక్కించడానికి మర ఉంటుందటగా, చేత్తో తిప్పేది?”

ఉంది. వెనక గదిలో.

“లేదు,” అన్నాడు ఓరిన్. “తాడేసి లాగాల్సిందే. ఆమాత్రం కూడా కష్టపడకపోతే జింకల ముందు పరువేముంటుంది?”

మనిషి విల్లు ముందున్న ఇనప చట్రంలో పాదం పెట్టి, వంగి, రెండు చేతులతో తాడు లాగాడు. కుడిచెయ్యి పట్టు తప్పి జారింది. పెదవి కొరుక్కుని మళ్ళీ లాగాడు. నుదుట చెమట పట్టింది.

చూస్తుంటే ఓరిన్‌కి లోపలెక్కడో హాయిగా ఉంది. ఎందుకో తెలియలేదు. లోకంలో ఆ కొండలాంటివాళ్ళూ ఉంటారు, ఇలాంటివాళ్ళూ ఉంటారు అనుకున్నాడు.

“ఏంట్రా ఇది? మర వెనకే ఉందిగా!” వెల్మా విసురుగా వచ్చి, మర తెచ్చి తనే బిగించింది. “వీడి మాటలు పట్టించుకోకండి. ఏడాదిగా వీడికి నోరు తప్ప ఇంకేమీ పనిచెయ్యట్లేదు.”

“నోటినైనా పనిచెయ్యనివ్వండి. పోయేదేముంది,” అన్నాడు మనిషి.

పెరట్లో గడ్డిమోపుకేసి ఒక బాణం కొట్టి చూశాడు. తడిగుడ్డ నేలమీద పడ్డంత చప్పుడు.

“ఇదే,” అన్నాడు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు విల్లుని ఎడమ చంకలో పెట్టుకున్నాడు.

వెళ్ళబోతూ ఓరిన్‌ని ఒకసారి తేరిపార చూశాడు. చూపు అతని కాళ్ళ దగ్గర కాస్త ఆగింది.

తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు.

“ఒక్కమాటడగనా బాబూ? ఉరిమితే స్నానాల తొట్టిలో దూరిన కుక్క, మూడు రోజులైనా బయటికి రాలేదే… చివరికి వచ్చిందా?”

ఓరిన్ ఖాళీ అట్టపెట్టెలు మడుస్తున్నాడు. “వచ్చింది,” అన్నాడు ఆలోచించకుండానే. “నోట్లో ఓ కూనని కరుచుకుని.”

“కూనలా!” మనిషి మొహమంతా విప్పారింది. “అదా సంగతి! నాకది తట్టనేలేదు.”

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది.

“ఏ కుక్కరా?” అంది వెల్మా. “నీకు కుక్కెప్పుడుంది?”

“చిన్నప్పుడు. టాన్సీ అని…”

ఓరిన్ చేతిలోని అట్ట జారిపోయింది.

బయటికి పరిగెత్తాడు. కంకర రోడ్డుమీద దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది. ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

ఆ కుక్క కథ అతను జీవితంలో ఒక్కరికే చెప్పాడు, అదీ సగమే: చెట్టుకి వేలాడుతూ, తన బరువంతా ఆ మనిషి కుడి భుజం మీద మోపి.