గోడలా కనిపించిన కొట్టు

తునిలో ఇప్పుడు కళ్లజోడు లేకుండా ఎవరూ వీధిలోకి రారు. సెర్చ్ జాబితాలో ఉన్న కొట్లే ఆ జోడులో కనిపిస్తాయి. మిగతావన్నీ ఉత్త గోడలు.

నూకరత్నం మగ్గం పని కొట్టు తెరిచి, వెబ్‌సైట్ పెట్టి నలభై రోజులైంది. జనం ఆ గోడను దాటుకుని పోతూనే ఉన్నారు. సెర్చ్ తనంతట తాను రాదు. పాత సైట్ ఏదైనా "ఈవిడ నాకు తెలుసు" అని లింక్ ఇచ్చి దారి చూపించాలి. ఆ వీధిలో పాత సైట్ ఒక్కటే, తోడికోడలు వరహాలమ్మది. వేరు పడ్డాక మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

చివరికి నూకరత్నం కుంకుమభరిణె పట్టుకుని ఆ గడప ఎక్కింది.

"అక్కా, నా సైట్‌కి దారి చూపించవా?" అంటూ బొట్టు పెట్టింది.

వరహాలమ్మ వద్దనలేదు. "నువ్వు కొట్టు తెరిచిన రోజే చూపించానే. సెర్చ్ నీ దగ్గరికొచ్చి, అంతా చదివి, మళ్లీ నన్నే అడిగింది. 'ఆవిడ మీకు తెలుసంటున్నారు, మరి మీరు ఆవిడకి తెలిసినట్టు లేదే' అని."

నూకరత్నం తలెత్తలేకపోయింది. తన సైట్‌లో మొదటి మాటే "ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, సొంతంగా".

ఇంటికెళ్లి ఆ మాట కొట్టేసి, అదే చోట వరహాలమ్మ పేరు రాసింది.

మధ్యాహ్నం ఒకావిడ వీధిలో నడుస్తూ ఠక్కున ఆగింది. "ఇక్కడ కొట్టు ఎప్పుడు పెట్టారమ్మా?"

"పన్నెండేళ్లయిందండీ," అంది నూకరత్నం. "మా అక్క నా చేతికి సూది ఇచ్చిన రోజు."