ఆమె కొలతల కోటు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కిటికీ తలుపు కూడా వేసేయండి, ఈ కథలో చలి ఎక్కువ.

ఒక టైలరు ఉండేవాడు. టేపు మెళ్ళో వేసుకోవడమే గానీ దాన్ని వాడింది తక్కువ. మనిషిని ఒకసారి ఎగాదిగా చూశాడంటే చాతీ, నడుము, చేతి పొడుగు అన్నీ మనసులో పడిపోయేవి. రాసుకునే అలవాటే లేదు. వయసు మీద పడి దుకాణం మూసేసినా, ఇంట్లో మిషను మాత్రం వదల్లేదు.

ఒకరోజు ఆ మిషను మీద ఎర్రటి ఉన్ని గుడ్డ కనిపించింది. భార్య గుండె కాస్త పొంగింది.

"ఎవరికిది?" అంది, ఏమీ ఎరగనట్టు.

"ఆమెకి," అన్నాడాయన తల ఎత్తకుండా. "కొండ మీద చలికి వణికిపోయింది పాపం. ఎర్ర కోటు కావాలంది. కుట్టి ఇస్తానని మాటిచ్చాను."

నీళ్ళు చల్లిన పాలపొంగులా ఆ గుండె చప్పున చల్లారిపోయింది.

ఈ మధ్య ఆ ఇంట్లో పొద్దున లేస్తే ఆమె గోలే. ఆమె జడ బారెడట. ఆమె నవ్వితే వీధి చివరికి వినిపించేదట. కొండ మెట్లన్నీ జింకపిల్లలా ఎక్కేసిందట. పక్కనే మోకాళ్ళకి నూనె రాసుకుంటూ భార్య ఇవన్నీ వినాలి! అడగాల్సింది అడిగింది. చెప్పాల్సింది నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఆయన చెవికెక్కితేనా? పైగా దుకాణానికొచ్చే గిరాకీలతో మాట్లాడినట్టు తననీ "అమ్మగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు వింటే ఆవిడకి ఒళ్ళు భగ్గుమనేది.

కోటు పూర్తయింది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ గది గడియ పెట్టి తొడుక్కుని చూసింది. చేతులు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. గుండీలు మాత్రం కాజాలకి అందితే ఒట్టు. మధ్యలో జానెడు ఖాళీ.

"నడుమా అది, కందిరీగ నడుమా!" అని అద్దంలోకి చూసి తిట్టింది.

కోటు ఆమెకి కొండ మీదే ఇవ్వాలని ఆయన పట్టు. సరేనని భార్య కూడా మూట సర్దుకుంది. ఆవిడ పట్టు ఆవిడకుంది. ఆ కోటు మళ్ళీ కొండ దిగకూడదు. ఏ లోయలోనో పడాలి.

బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కుతోంది. ఆయన చేత్తో కుట్టిందని విని, పక్క సీటావిడ కోటు తడిమి చూసి ముచ్చటపడింది.

"ఈ వయసులో మీ ఆయన కోటు కుట్టి పెట్టాడా? పెట్టి పుట్టావు వదినా!"

"నాకు కాదమ్మా. మహారాణీ గారు వేరే ఉన్నారు."

పక్క సీటావిడ గబుక్కున అటు తిరిగి కిటికీలోంచి జలపాతం చూడసాగింది.

బస్సు దిగాక వేలాడే వంతెన దాటాలి. కింద నది నురగలు కక్కుతోంది. రబ్బరు పడవల్లో జనం కేకలు పెడుతూ కొట్టుకుపోతున్నారు.

"ఆమెకి ఇదంటే హడలు," అన్నాడాయన మురిసిపోతూ. "కళ్ళు మూసుకుని, నా చెయ్యి పట్టుకునే దాటింది."

వెనకాల భార్య కళ్ళు మూసుకుని, తాడు పట్టుకుని దాటింది.

పైన దేవుణ్ణి చూసుకుని, లోయ అంచున ఉన్న రాతి బల్ల మీద కూర్చున్నారు. యాత్రికులు వస్తున్నారు, పోతున్నారు. కోటు ఒళ్ళో పెట్టుకుని ఆయన ప్రతి పడుచునీ ఎగాదిగా చూస్తున్నాడు. కొలత కుదరక తల అడ్డంగా ఊపుతున్నాడు.

మంచు దిగింది. పల్చటి శాలువాలో భార్య పళ్ళు టకటకలాడాయి.

"వణుకుతున్నారే అమ్మగారూ! ఇది ఇద్దామంటే ఆమెది. వచ్చి చూస్తే చిన్నబుచ్చుకుంటుంది."

"అవును మరి! ఆవిడ చిన్నబుచ్చుకుంటే మీ ప్రాణం పోతుంది. నేను గడ్డకట్టుకుపోయినా ఫరవాలేదు!"

"ఉండండి, వేడిగా టీ తెస్తాను. కోటు కాస్త చూస్తుండండి," అని ఆయన ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్ళాడు.

ఇంకేం కావాలి? కోటు చేతిలో ఉంది. లోయ కాళ్ళ ముందే ఉంది. ఆవిడ లేచి చెయ్యి చాచింది.

గాలికి కోటు రెపరెపలాడి లోపలి వైపు బయటపడింది. టైలరు పెళ్ళాం కదా, కన్ను ముందు కుట్టు మీదికే పోయింది. పక్క కుట్ల లోపల గుడ్డ వదిలి ఉంది. మామూలుగా వదిలే వేలెడు కాదు, బెత్తెడు! గుడ్డ ముక్క వృథా అయితే అన్నం సహించని మనిషి ఈయన.

చాచిన చెయ్యి వెనక్కి వచ్చింది.

ఆయన టీ తేగానే అడిగింది. "లోపల ఇంత గుడ్డ వదిలారేం?"

ఆయన పడుచువాడిలా సిగ్గుపడ్డాడు. "కాపురంలో పడ్డాక, పిల్లలు పుట్టాక కాస్త ఒళ్ళు చెయ్యదా అండీ? విప్పి వదులు చేస్తే సరి. ముసలిదయ్యాక కూడా నేను కుట్టిందే తొడుక్కోవాలని నా ఆశ."

ఆవిడ టీ పక్కన పెట్టింది. శాలువాకి పెట్టుకున్న పిన్నీసు తీసి, కోటు పక్క కుట్టు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, అమ్మగారూ! ఏమిటిది? ఆమె వస్తే నేనేం చెప్పను?"

"వచ్చిందని చెప్పండి," అంది ఆవిడ, కుట్టు మీంచి కన్ను తియ్యకుండా.

ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్ళకీ చెప్పండి. కాకపోతే ఒక్క మాట మాత్రం, నాలాగే, చివరిదాకా నోట్లో దాచుకోండి: కొత్త పెళ్ళికూతురుగా ఈ రాతి బల్ల మీదే వణుకుతూ, ఎర్ర కోటు కావాలని మొగుణ్ణి అడిగిన ఆ కందిరీగ నడుము పిల్ల ఈవిడే.