జనవరిలో తెరిచిన కిటికీ

"బయట మంచు గడ్డకట్టుకుపోతుంటే కిటికీ తెరుచుకుని పడుకుంటారా ఎవరైనా?" కూతురు జిలియన్ కేకలేస్తూ మెట్లు దిగింది. "కింద బాయిలర్ మండుతుంటే పైన ఈవిడ వీధి వీధంతా వెచ్చబెడుతోంది!"

"బెత్తెడే తీశానే. గాలి ఆడకపోతే నాకు నిద్ర పట్టి చావదు," అంది ఎనిడ్, కప్పుల్లో టీ పోస్తూ.

"విన్నారా?" జిలియన్, ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ బాయిలర్ పరీక్ష చెయ్యడానికొచ్చిన క్లైవ్ వైపు తిరిగింది. "తాళాలు ఎక్కడ పడేస్తుందో తెలీదు. కుళాయి కట్టెయ్యదు. మొన్నేమో పాలసీసా తీసుకెళ్లి బట్టల అలమరలో పెట్టింది. అడిగితే నేను కాదంటుంది. రేపు పదింటికి జ్ఞాపకశక్తి పరీక్ష. అందులో తప్పిందా, ఇక వృద్ధాశ్రమమే. చోటు కూడా చూసి ఉంచాను."

ఎనిడ్ టీ కూజా కింద పెట్టేసింది. ఇంగ్లండులో, హడర్స్‌ఫీల్డ్ ఊళ్లోని ఈ ఇంట్లోనే ఆవిడ యాభై ఏళ్లు కాపురం చేసింది. ఇది వదిలి పోవాలంటే చచ్చేంత భయం. కూతురు చెప్పేది నిజమేనేమోనని అంతకు మించిన భయం. పాలసీసా తాను పెట్టినట్టు ఎంత తల బద్దలుకొట్టుకున్నా గుర్తుకు రావడం లేదు. గుర్తుకు రాకపోవడమే కదా ఆ జబ్బు!

క్లైవ్ బాయిలర్ మూత విప్పాడు. నీలంగా ఉండాల్సిన మంట పసుప్పచ్చగా ఊగుతోంది. చేతిలోని, గాలిని పరీక్షించే మీటరు కీచుమని అరిచింది. అతను చటుక్కున గ్యాస్ కట్టేశాడు.

"కోట్లు వేసుకుని ఇద్దరూ బయటికి నడవండి!"

"టీ పోశాను నాయనా..."

"టీ తరవాత తాగొచ్చమ్మా, ముందు నడవండి!"

తల్లీకూతుళ్లు పెరట్లో వణుకుతూ నిలబడ్డారు. క్లైవ్ మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఆపైన తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి వచ్చాడు. రెండో చేతిలో పాత మేజోళ్ల ఉండ ఒకటి ఉంది.

"బాయిలర్‌కి గాలి అందే కన్నంలో ఇది కుక్కిందెవరు?"

"నేనే. చలిగాలి రివ్వున కొడుతోందని," అంది జిలియన్. "ఈ వీధిలో అందరూ కుక్కుతారుగా?"

"కుక్కుతారు. ఏటా మేమొచ్చి పీకుతుంటాం. గాలి చాలకపోతే మంట విషవాయువు కక్కుతుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. తలనొప్పి, మగత, మతిమరుపు..."

"మతిమరుపా?"

"ఆఁ. చేసిన పని చేసినట్టే గుర్తుండదు. ఇప్పుడే ఆసుపత్రికెళ్లి ఇద్దరూ రక్తం చూపించుకోండి. వేళకి దొరికింది కాబట్టి సరిపోయింది. తగ్గిపోతుంది."

జిలియన్ తల్లిని వాటేసుకుని బావురుమంది. "అమ్మా, నీకేం జబ్బు లేదు! ఇదంతా ఆ బాయిలర్ చేసిన పని! నిన్ను అన్నేసి మాటలన్నానే!"

ఎనిడ్ కూడా ఏడ్చేసింది. ఎన్ని వారాలకో ఆవిడ గుండె మీది బరువు దిగింది. ఇల్లు వదలక్కర్లేదు. ఆ చలిలో కూడా ఆవిడకి హాయిగా ఉంది.

క్లైవ్ కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "బాయిలర్ పక్క గది ఎవరిది?"

"నాదే. ఆఫీసు పనీ అందులోనే, పడకా అందులోనే," అంది జిలియన్ కళ్లు తుడుచుకుంటూ. "చలి రాకుండా తలుపు కింద గుడ్డ కూడా దోపుకుంటాను. అయినా రోజూ ఒకటే తలనొప్పి."

"ఉండదూ మరి! అక్కడ మీటరు గోల గోల చేసింది. పైన, వీధి వైపు గది?"

"అమ్మది."

"అక్కడ సున్నా. కిటికీ పుణ్యమా అని పెద్దావిడకి పెద్దగా ఏమీ అంటలేదు."

జిలియన్ కళ్లు తుడుచుకోవడం ఆపేసింది. తాళాలు, కుళాయి, పాలసీసా ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఆమె మొహంలో కనిపించింది ఎనిడ్‌కి.

"అంటే... ఆ అలమరలో పాలసీసా..."

"నేను కాదని అప్పుడే చెప్పానుగా," అంది ఎనిడ్.

జిలియన్ ఎర్రబడ్డ మొహంతో ఫోన్ తీసింది. "ఉండు, రేపటి పరీక్ష రద్దు చేయిస్తాను."

ఎనిడ్ కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"రద్దెందుకే? పేరు మార్చమను, చాలు."