పైపోర్షన్ మిక్సీ

మీటరు రీడింగ్ తీసే ఆయన చేతిలోని మిషన్లోంచి కాగితం చించి ఉమామహేశ్వరమ్మకు ఇచ్చాడు.

“పోయిన నెల కంటే ఇంకా ఎక్కువొచ్చింది పెద్దమ్మా. మళ్లీ మూడు వందల యూనిట్లు దాటింది. మూడొందలు దాటేవాళ్లకు సర్కారు పింఛనియ్యదు, ఇట్లే దాటుకుంటా పోతే నీ పింఛనుకే ఎసరు.”

ఆమె కాగితం వైపు చూసింది గానీ కళ్లకు ఏమీ ఆనలేదు. భర్త పోయాక ఆమెకు మిగిలినవి రెండే. వితంతు పింఛను, నంద్యాలలోని ఈ చిన్న డాబాకు పైపోర్షన్ మీద వచ్చే అద్దె. ఇల్లంతటికీ ఒకటే మీటరు. ఎవరు వాడినా లెక్క ఆమె పేరు మీదే పడుతుంది. ఆమె వాడేది ఒక ఫ్యాను, ఒక బల్బు. రెండు నెలల కిందట ఫ్రిజ్ కూడా ఆపేసి అందులో చీరలు సర్దుకుంది.

పైన అద్దెకున్నవాళ్లు ఆళ్లగడ్డ నుంచి వచ్చారు. సందీప్ టైల్స్ పనికి పోతాడు. భార్య ప్రసన్న, నాలుగేళ్ల పాప. మర్యాదస్తులు. అద్దె ఒకటో తేదీకే చేతిలో పెడతారు. వాళ్లు సామాను దించుకున్న రోజు ఉమామహేశ్వరమ్మ ఊళ్లో లేదు, గడివేములలో పెళ్లికి పోయింది. పక్కింటి జయమ్మే తాళం ఇచ్చింది. షరతులన్నీ ఉమామహేశ్వరమ్మ ముందే ఫోన్లో చెప్పేసింది. గోడలకు మేకులు కొట్టకూడదు. నీళ్లు దుబారా చేయకూడదు. ముసలీముతకా ఉండకూడదు. భర్త పోయిన నక్షత్రం మంచిది కాదని అయ్యవారు చెబితే, ఆరు నెలలు ఇంటికి తాళమేసి చుట్టాల వసారాల్లో తలదాచుకున్న మనిషి ఆమె; మళ్లీ అట్లాంటిది వద్దనే ఆ చివరి షరతు.

పైన ఎప్పుడూ ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. కూలరు పగలూ రాత్రీ. వాషింగ్ మిషను రోజుకు రెండుసార్లు. అన్నిటికన్నా మిక్సీ. పొద్దున టిఫిన్ వేళ తిరిగితే సరే. మధ్యాహ్నం మూడింటికీ, సాయంత్రం దీపాలు పెట్టే వేళా, ఆగి ఆగి అరగంట సేపు తిరుగుతుంది.

“ఏదో యాపారం పెట్టింటారు,” అంది జయమ్మ పిట్టగోడ మీంచి. “నీ కరెంటుతో దుడ్లు చేసుకుంటాండారు. అడుగు, ఊరికే ఉండొద్దు.”

మోకాళ్ల నొప్పులతో ఉమామహేశ్వరమ్మ మెట్లెక్కలేదు. కింద నుంచే కేకేసింది. ప్రసన్న పాపను చంకనేసుకుని దిగి వచ్చింది. నిద్ర లేక కళ్లు లోతుకు పోయి ఉన్నాయి.

“పొద్దస్తమానం ఏం రుబ్బుతాండావు పిల్లా?”

ప్రసన్న తడబడింది. “మసాలా పొడి పెద్దమ్మా. అంగళ్లకు ఏస్తాం.”

“పొడి కొడితే వాసన రావద్దా? ఒక్కరోజన్నా నాకు ధనియాల వాసన తగల్లేదే.”

ప్రసన్న పాపను ఇంకో చంకకు మార్చుకుంది.

“ఆ వాషింగ్ మిషను ఏంది మళ్లా? తీగ మీద చూస్తే రోజూ దుప్పట్లే.”

“పాప పక్క తడుపుతాది.”

“నేను తడపను,” అంది చంకలోని పాప.

ప్రసన్న పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టి గబగబా పైకి వెళ్లిపోయింది.

సాయంత్రం సందీప్ సిమెంటు చేతులతోనే వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“బిల్లంతా నేనే కడతా పెద్దమ్మా.”

“బిల్లు కడతావప్పా. పింఛను పోతే యాడ తెచ్చిస్తావ్? కూలరు పెట్టుకో, ఎండలు అట్లుండాయి, వద్దనను. ఆ మిక్సీ ఒక్కటి ఆపు.”

“కూలరు తీసేస్తా. ఫ్యాను కూడా ఆపేస్తా. మిక్సీ మాత్రం...” అతను తల దించుకున్నాడు. “ఆపేదానికి కాదు పెద్దమ్మా.”

“అయితే ఇల్లు ఖాళీ చెయ్.”

“ఆర్నెల్లలో మూడిళ్లు ఖాళీ చేసినాం. ఇంక తిరిగే శక్తి లేదు. కొంచెం ఓపిక పట్టు. ఇంకెన్నో రోజులు ఉండదు.”

ఆ మాట అంటూ అతను మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మసాలా పొడి కోసం ఇంత మగాడు ఏడవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. తలుపు దగ్గరికేసి లోపలికి పోయింది.

మరునాడు ఎండలో పడి కరెంటాఫీసుకు పోయి, పైపోర్షన్‌కు వేరే మీటరు కావాలని అడిగింది. వాళ్లు చెప్పిన ఖర్చు విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తిరిగొచ్చింది.

ఇల్లు చేరేసరికి మూడైంది. పైన మిక్సీ గర్రుమంటోంది. దానికి తోడు వాషింగ్ మిషను, కూలరు. చెవులు మూసుకుని మంచం మీద కూర్చుంది. ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు. గర్రుమన్నప్పుడల్లా మీటర్లో అంకె ముందుకు జరుగుతున్నట్టే ఉంది.

“ప్రసన్నా!” అని అరిచింది. ఆ మోతలో ఆమె కేక ఆమెకే వినపడలేదు.

లేచి మెట్ల కింద బోర్డు దగ్గరికి పోయింది. పైకి కరెంటు పోయే మెయిన్ స్విచ్ మీద చెయ్యి పెట్టింది. ఒక్క క్షణం ఆగి, కిందికి లాగేసింది.

అన్నీ ఒక్కసారిగా మూగబోగానే, మొగుడూ పెళ్లాం పాప తప్ప ఎవరూ లేరనుకున్న పైపోర్షన్ నుంచి, “తాళలేనే ప్రసన్నా, ఇంత విషమన్నా పొయ్యే,” అని ఒక ముసలి గొంతు వీధి వీధంతా వినపడేలా అరిచింది.