క్షణం ఆగమ్మా

"ఆగలేదు!" అన్నాడు కంచె అవతల నుంచి పెద్దాయన.

మర్నాడే బేస్‌బాల్ ఫైనల్. మైదానంలో చెల్లెలు బంతి విసురుతోంది, అక్క పట్టుకుంటోంది. టీమ్‌కి పిచ్చర్, క్యాచర్ ఆ అక్కాచెల్లెళ్లే. చెల్లెలి విసురు చూసి అందరూ ఆమెను తూటా అంటారు. ఎవరైనా తన తప్పు ఎత్తిచూపితే తూటాకి ఒళ్లు మండుతుంది.

"ఏంటండీ ఆగనిది?" అంది తూటా.

"నువ్వేనమ్మా. అవతలి టీమ్ రన్నర్ బేస్ మీద ఉన్నప్పుడు రెండు చేతులూ కలిపి, క్షణం కదలకుండా నిలబడి, అప్పుడు విసరాలి. నువ్వు కలిపీ కలపకముందే విసిరేస్తున్నావు. దాన్ని బాక్ అంటారు. రన్నర్‌కి ఊరికే ముందరి బేస్ ఇచ్చేస్తారు."

"నేను రన్నర్‌ని బేస్ ఎక్కనిస్తే కదా ఆ గొడవ!"

అక్క కిసుక్కున నవ్వింది.

"ఇవాళే సరిచేసుకో తల్లీ. రేపు నేను చెప్పడం కుదరదు," అన్నాడాయన.

"ఉచిత సలహాలకేం కొదవ లేదు. ఇక దయచేయండి!"

"కాస్త విందామే," అని అక్క గొణిగేలోపే ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు తూటా నిప్పులు కురిపించింది. ఎదుటి టీమ్‌లో ఒక్కరు బేస్ ఎక్కితే ఒట్టు! జనం ఈలలతో మైదానం హోరెత్తిపోయింది. గెలిస్తే అక్కాచెల్లెళ్లిద్దరికీ పెద్ద జట్టులో చోటు ఖాయం. కానీ వీళ్ల టీమ్ కూడా నాలుగు బేస్‌లూ చుట్టొచ్చి ఒక్క పరుగు తీయలేదు.

ఆఖరి ఇన్నింగ్స్‌లో వీళ్ల వంతు అయిపోయింది, ఇప్పుడు అవతలి టీమ్ బ్యాటింగ్. సున్నాకి సున్నా. ఇద్దరు అవుట్. ఇంకొక్కరు అవుటైతే గండం గట్టెక్కినట్టే.

అవతలి టీమ్ పొట్టమ్మాయి కళ్లు మూసుకుని బ్యాట్ ఊపింది. బంతి గోడ దాకా దొర్లింది. అది వెనక్కి వచ్చేసరికి పొట్టమ్మాయి మూడో బేస్ మీద తేలింది. ఇంకొక్క బేస్ చేరితే పరుగే.

తూటా గబగబా బంతి అందుకుంది. చేతులు కలిపింది, విసిరేసింది.

"బాక్!" అని అరిచాడు అంపైర్.

పొట్టమ్మాయి తాపీగా నడుచుకుంటూ వచ్చి పరుగు పూర్తి చేసింది. మ్యాచ్ పోయింది.

తూటా మట్టిలో కూలబడి భోరుమంది.

"నా నోరు పడిపోను! ఆయన ముందే చెప్పాడక్కా. ఎక్కడున్నాడో వెతికి కాళ్ల మీద పడాలి."

"వెతకక్కర్లేదే," అంటూ అక్క కళ్లు తుడుచుకుని అటు చూపించింది.

గెలిచిన పిల్లలు "కోచ్ గారూ! కోచ్ గారూ!" అని కేకలు పెడుతూ గాల్లోకి ఎగరేస్తున్నది ఆ పెద్దాయననే.